సుమశ్రీ గీసిన శని

అమీర్‌పేటలో కేదార్ నడిపే కోచింగ్ సెంటర్లో పాఠాలు చెప్పరు. ప్రశ్నలూ జవాబులూ ముందే చేతిలో పెట్టి బట్టీ పట్టిస్తారు. సర్టిఫికెట్ వస్తుంది, సాఫ్ట్‌వేర్ ఉద్యోగం వస్తుంది, ఇంకేం కావాలి? పరీక్ష అంటే ఎలాగోలా గట్టెక్కాల్సిన గండమే తప్ప ఏదో తెలుసుకోడానికి పెట్టేది కాదని అతడి గట్టి నమ్మకం. తొమ్మిదేళ్ల కూతురు సుమశ్రీకి ఫస్ట్ ర్యాంకు తప్పితే ఆ పూట అతడికి అన్నం సహించదు.

రెండువేల తొమ్మిది ఏప్రిల్లో, శ్రీనగర్ కాలనీలో వాళ్ల అపార్ట్‌మెంట్ డాబా మీద, ఫిజిక్స్ చెప్పే ఆండ్రూ మాస్టారు శనివారం సాయంత్రాలు పిల్లలకు టెలిస్కోపు పెట్టాడు. ఒక కన్ను మూసి చూడడం చిన్నపిల్లలకు చేతకాదని, నల్లగుడ్డకు ఎలాస్టిక్ కుట్టించి అందరికీ ఎడమ కంటికి కట్టేవాడు. కుడి కంటితో చూడాలి, చూసింది చూసినట్టు గీయాలి. మంచి బొమ్మకు బైనాక్యులర్ బహుమతి. అది తన కూతురిదేనని కేదార్ లిఫ్టులో కనిపించిన ప్రతివాడికీ ముందే చెప్పేశాడు.

ఆ రోజు శనిగ్రహం. ఆ ఏడు దాని వలయం అంచు మనవైపు తిరిగింది కాబట్టి, గుండ్రటి చుక్కకు అడ్డంగా సన్నటి గీతలా కనబడుతోంది. పిల్లలంతా అదే గీశారు. సుమశ్రీ ఒక్కతే పళ్లెమంత వలయం గీసి రంగులు కూడా వేసింది.

"బొమ్మ బాగుందమ్మా, కానీ టెలిస్కోపులో ఇలా లేదే?" అన్నాడు మాస్టారు.

"పుస్తకంల జూసి గీసింది పిల్ల! ఇంట్ల సుత గదే కోచింగా, కేదార్ భాయ్?" అన్నాడు కింది ఫ్లాట్ సాయిలు. డాబా అంతా గొల్లున నవ్వింది.

కేదార్‌కు తల కొట్టేసినట్టయింది. పిల్లను రెక్క పట్టుకుని టెలిస్కోపు దగ్గరికి ఈడ్చుకెళ్లాడు. "మళ్లీ చూడు. ఏం కనబడుతోందో అందరి ముందూ చెప్పు."

"మసగ్గా ఉంది నాన్నా."

"ఇంతమందికి కనబడింది నీకొక్కదానికే కనబడలేదా? అబద్ధాలు కూడానా?" అంటూ చెంప ఛెళ్లుమనిపించాడు.

"కుడి కన్ను ఎప్పుడూ మసగ్గానే కదా ఉంటుంది" అంది పిల్ల ఏడుస్తూ. లోకంలో అందరికీ అంతేననుకుంది పాపం.

నవ్వులు ఆగిపోయాయి. మాస్టారు వంగి గుడ్డ విప్పాడు. "కంటి డాక్టరుకు చూపించండి కేదార్ గారూ, ఆలస్యం చేయకండి" అన్నాడు. "సాకులు నేర్చిందండీ" అన్నాడు కేదార్. కానీ భార్య మంజూష ఊరుకోలేదు. సోమవారం ముగ్గురూ పంజాగుట్టలో కంటి డాక్టరమ్మ ముందు కూర్చున్నారు.

డాక్టరమ్మ పిల్ల ఎడమ కన్ను మూసి, గోడమీది అక్షరాలు చదవమంది.

"ఇ, ఎఫ్ పి, టి ఓ జెడ్, ఎల్ పి ఇ డి..." సుమశ్రీ గుక్క తిప్పుకోకుండా అప్పజెప్పింది. కేదార్ గుండె నిండా ఊపిరి పీల్చుకున్నాడు.

డాక్టరమ్మకు అనుమానమొచ్చి వేరే చార్టు పెట్టింది. పిల్లకు ఒక్క అక్షరమూ ఆనలేదు. తండ్రి వైపు తిరిగింది.

"బడిలో కళ్ల పరీక్ష చేయలేదా?"

"యూకేజీలో చేశారండీ. అన్నీ కరెక్టుగా చెప్పానని నాన్న చాక్లెట్ కొన్నారు. నాన్నే నేర్పించారు" అంది సుమశ్రీ.

కేదార్‌కు గుర్తొచ్చింది. రిపోర్టులో తక్కువ పడకూడదని కళ్లజోళ్ల షాపులో ఇదే చార్టు సంపాదించి, రెండు రోజులు కూర్చోబెట్టి బట్టీ పట్టించింది తనే. మంజూష భర్త ముఖంలోకి చూసి, చూపు తిప్పుకుంది.

"అప్పుడే తెచ్చుంటే, మంచి కంటికి గుడ్డ కట్టి, బద్ధకించిన ఈ కంటితో పని చేయించేవాళ్లం, దారికొచ్చేది. ఇప్పుడూ కడదాం. చూపొస్తుందని మాత్రం మాటివ్వలేను" అంది డాక్టరమ్మ.

కేదార్ తల దించుకున్నాడు. తండ్రికి కోపమొచ్చిందేమోనని పిల్ల హడలిపోయింది. కుర్చీ దిగి వచ్చి అతడి చొక్కా పట్టుకుంది.

"కొత్త చార్టు ఇంటికి తీసుకెళదాం నాన్నా. రేపటికల్లా మొత్తం నేర్చేసుకుంటాను."