రవంత తిరిగిన బీగం

1941 జులై 17, ఉదయం తొమ్మిది గంటలకు తిరుత్తణి పక్క చెరకు తోటలో మునిలక్ష్మిని నాగుపాము కరిచింది. అరగంటలో ఎడ్లబండి మీద ఊళ్లోని ప్రైవేటు దవాఖానాకు చేర్చారు. విరుగుడు మందు అక్కడే, గోడలో బిగించిన ఇనుప పెట్టెలో ఉంది. పెట్టె తాళంచెవి జేబులో వేసుకుని డాక్టరు పొద్దున రైలుబండికి తిరువళ్ళూరు పోయాడు. తిరుగు బండి ఒంటిగంటకు.

కాంపౌండరు సుందరరాజులు డాక్టరుకు తంతి ఇప్పించి, బీగాలు చేసే దండపాణి ఆచారికి కబురు పెట్టాడు.

"గడ్డపారేసి పెకలిస్తే పోలా?" అంది మునిలక్ష్మి అత్త కృష్ణమ్మ.

"లోపలంతా గాజు సీసాలమ్మా. ఒగటీ మిగలదు," అన్నాడు సుందరరాజులు.

పెట్టె చేసిన సీమదొరల కంపెనీ దాంతోపాటు ఇంకా పళ్లు కోయని ఖాళీ తాళంచెవులు రెండు పంపింది. దండపాణి ఒకటి తీసుకుని తాళంలో దూర్చి, బలంగా మెలేసి, బయటికి తీసి వెలుతురులో చూశాడు. లోపల ఎత్తు సరిపడని పిన్ను నొక్కినచోట సన్న చుక్క పడింది. చుక్క మీద ఆకురాయితో రెండు గీతలు గీసి మళ్లీ దూర్చాడు. పిన్నులు అయిదు; అయిదూ సరైన ఎత్తుకు వస్తేనే తాళం తెరుచుకుంటుంది.

పదీ నలభైకి చెవి రవంత తిరిగి ఆగింది.

"తిరిగినాది!" అన్నాడు.

కృష్ణమ్మ కోడలి దగ్గరికి పరుగెత్తింది. "మునిలక్ష్మీ, కండ్లు తెరువు తల్లీ, బీగం తిరిగినాదంట." రెప్పలు లేవలేదు.

దండపాణి ముప్పయ్యేళ్లుగా దిండిగల్ తాళాలకు చెవులు చేస్తున్నాడు. వాటిలో చెవి రవంత తిరిగిందంటే పని అయిపోవచ్చినట్టే. చుక్క కనబడినచోట ఆకురాయితో ఇంకా రుద్దాడు. చెవి మొండికేసింది. మళ్లీ రుద్దాడు. ఈసారి అసలే కదల్లేదు. కోత లోతైపోయింది.

"ఏమాయ ఆచారీ?" అన్నాడు సుందరరాజులు.

"చెడిపోయినాది. ఇది మన బీగం మాదిరి కాదన్నా. తిరిగినట్టే తిరిగి మోసం చేస్తాది."

దొంగలను ఏమార్చడానికి ఆ పిన్నులకు నడుము సన్నగా కోసి ఉంది. పిన్ను సరైన ఎత్తుకు రాకముందే ఆ నడుము దగ్గర ఇరుక్కుంటే తాళం కొంచెం తిరిగి ఆగిపోతుంది.

"ఆడ నా కోడలికి ఊపిరి సరిగ్గా ఆడటం లేదు, నువ్వీడ కథలు చెప్తా కూసున్నావా!" అని అరిచింది కృష్ణమ్మ.

దండపాణి రెండో చెవి తీశాడు. ఇక ఉన్నది అదొక్కటే. ఈసారి చెవి తిరిగినప్పుడల్లా వెనక్కి వదిలి, పైకీ కిందికీ కదిపి, అప్పుడు పడిన చుక్కనే నమ్మాడు. ఒక్క గీత గీసి చూశాడు. మళ్లీ ఒక్క గీత.

పన్నెండూ అయిదుకు పక్కగదిలో కృష్ణమ్మ గుండెలు బాదుకుంది.

సుందరరాజులు వచ్చి నిలబడ్డాడు. "చాలు ఆచారీ. లెయ్."

"ఇంగొగటే పిన్నుండాదన్నా. ఉండు."

పన్నెండూ ఇరవైకి తాళం తెరుచుకుంది. పెట్టెలో మందు సీసాలు ఆరు ఉన్నాయి.