మొండితోక విన్న మాటలు

మగ్గం దిగాక చేయవలసిన పనులు: గంజి గిన్నె కడిగి బోర్లించడం, పడుగు మీద దుప్పటి కప్పడం, గుంటలో రాలిన నూలు ఏరడం, ఎండుకొబ్బరి ముక్క కాల్చి నా కొక్కేనికి గుచ్చడం, నా తలుపు ఎత్తిపెట్టడం. ఇవన్నీ మంగతాయారు పనులు. ఆ తలుపు టప్పున మూయడం మాత్రం నాది.

నేను ఒక ఎలుకల బోనును. చీరాలలో రేకుల పని చేసే ఒకాయన పాత నూనె డబ్బా కత్తిరించి, ఇనప జల్లెడ చుట్టి నన్ను తయారుచేశాడు. మొదట ఒక కిరాణా కొట్లో ఉన్నాను. కొబ్బరి వాసన చూపించి ఎలుకను పిలిచేవారు, వచ్చినందుకు దొంగ అని బకెట్లో ముంచేవారు. మనుషుల న్యాయం అది. కొట్టు ఎత్తేస్తూ నన్ను మగ్గం నేసే భావనారాయణకు ఇచ్చేశారు.

నేతవాళ్లింటికి ఎలుక గంజి కోసం వస్తుంది. పడుగుకు పట్టించిన గంజి నాకుతూ నాకుతూ పోగులు కొరికేస్తుంది. అయినా భావనారాయణ భార్య మంగతాయారుకు చంపడానికి చెయ్యి రాలేదు. తెల్లవారగానే నన్ను పట్టుకుని కాలవగట్టుకు వెళ్లి వదిలేసేది. వాటిలో తోక తెగిన ఎలుక ఒకటి మళ్లీ మళ్లీ వచ్చి పడేది. దారి పొడుగునా దానితో కబుర్లే!

“ఏమే మొండితోకా, మళ్లీ వచ్చావూ? మగ్గం మీదున్న ఆ చీరకి మామిడిపిందెల అంచు పెట్టమన్నది నేనే, తెలుసా? మా ఆయనకి చెబితే ‘ఊఁ’ అంటాడు. ఏం విన్నాడో ఏమో!”

చేతిలో ఉన్నది నేను, మాటలు దానితో. నన్ను ఒక్కసారి పలకరించిన పాపాన పోలేదు. కుళ్లుతో నా ఒళ్లు మండిపోయేది.

ఒకసారి తుప్పుకు నా తలుపు బిగుసుకుపోయింది. మొండితోక కొబ్బరి తిని, పడుగు కొరికి పోయింది. భావనారాయణ జిగురు అట్ట కొనుక్కొచ్చాడు. “ఇక ఈ ఊరేగింపులు చాల్లే” అని నన్ను అటక మీదికి విసిరేశాడు.

మర్నాడు తెగిన పోగులు అతుకుతూ కూర్చున్నాడు. మగ్గం ఆగిపోయింది. పగటిపూట ఆ ఇంట్లో అంత నిశ్శబ్దం నేనెన్నడూ ఎరగను. పెరటి గుమ్మంలో మంగతాయారు, జిగురుకు అంటుకున్న మొండితోకకు వేరుశనగ నూనె రాసి ఒక్కో కాలే విడిపిస్తోంది.

“చచ్చిపోకే తల్లీ! నువ్వూ పోతే నేనెవరితో చెప్పుకోవాలి?”

భావనారాయణ చేతిలో పోగు ఆగింది. “అదేంటే, నేను లేనా?”

“ఉన్నావులేవయ్యా! నీ మగ్గం ఆగితే కదా నా మాట వినపడేది!”

అతను పోగు వదిలి లేచాడు. అటకెక్కి నన్ను దించి, నా తలుపుకు తనే నూనె వేశాడు. మొండితోకను నాలో పెట్టి, ఆమెతోపాటు గట్టుకు బయలుదేరాడు.  దారిలో ఆమె అంచు సంగతి ఎత్తింది.

“మామిడిపిందెలా? నువ్వా చెప్పింది?”

“ఎన్నిసార్లు చెప్పానయ్యా, నీ చెవులు మండా!”

ఇక ఆమె మాటలు ఆగలేదు. గట్టు మీద నా తలుపు తీశారు. మొండితోక వెంటనే దూకలేదు. నూనె ఒంటితో, చెవులు నిక్కించి కూర్చుంది. ఎవరూ దానివైపు చూడలేదు. తర్వాత గడ్డిలోకి వెళ్లిపోయింది, మళ్లీ రాలేదు.

ఇప్పుడు ఎలుక పడినా పడకపోయినా ఆలుమగలిద్దరూ పొద్దున్నే గట్టుకు వెళ్తారు. నా ఈర్ష్య భావనారాయణ మీదికి మళ్లింది. ఎలుకనైతే గట్టు మీద వదిలేసి వచ్చేవాళ్లం. ఇతను మళ్లీ ఇంటికే వస్తాడు!

ఒక మనిషి గోడు మొత్తం విని, ఎక్కడా ఒక్క ముక్క బయటపెట్టని జీవి ఆ మొండితోక. దాన్ని మెచ్చుకోవడానికి నాకింకా మనసొప్పడం లేదు. మీరైనా దాన్ని గుర్తుపెట్టుకోండి.