పదేళ్ల సగటు

భీమేశ్వరరావు లిఫ్టు దగ్గర ఎదురొచ్చి చేతులు జోడించేసరికి శిరీషకు ఏమీ అర్థం కాలేదు. ఆయన ఆ కంపెనీలో క్యాబుల వ్యవహారమంతా చూసే మనిషి. ద్రాక్షారామం వైపు నుంచి వచ్చి పద్నాలుగేళ్లుగా హైటెక్ సిటీ ట్రాఫిక్‌తో కుస్తీ పడుతున్నాడు. ఆయన గొంతు పెంచగా ఎవరూ వినలేదు. డ్రైవర్లను కూడా ‘అండి’ లేకుండా పిలవడు.

“మీ ధర్మమా అని ధైర్యం చేశానండి,” అన్నాడు. “పద్నాలుగు లక్షలండి. పీఎఫ్‌లోంచి తీసిందీ, మా ఆవిడ చీటీ పాడిందీ అంతా కలిపి మన కంపెనీ షేర్లకి పెట్టేశాను. పొద్దున్నే యాప్‌లో నొక్కేశానండి.”

“నేనేం చేశానండీ, రావు గారూ?”

“అదేనండి, మీరు రాసిన కాగితం. ఆ ఇంగ్లీషూ అంకెలూ నాకేం తెలుస్తాయండి? కింద మీ పేరు చూశాను. శిరీష గారు రాశారంటే ఇంక చూసుకోనక్కర్లేదు అనుకున్నాను. మన డ్రైవర్లు ఆరుగురికీ అదే చెప్పానండి. వాళ్లు కూడా తలా రెండు లక్షలు పెట్టారు.”

లిఫ్టు వచ్చింది, వెళ్లిపోయింది. శిరీష ఎక్కలేదు. ఎవరినీ షేర్లు కొనమని ఆమె ఏ కాగితమూ రాయలేదు. కొనొద్దని మాత్రం రాసింది.

ఆ కంపెనీ వచ్చే ఏడాది స్టాక్ మార్కెట్‌లోకి వెళ్తానంటోంది. దానికి ముందు యజమానులు తమ వాటాలో కొంత ఉద్యోగులకు అమ్మజూపారు, షేరు తొమ్మిది వందల రూపాయలకు. ‘మనమంతా ఒకే కుటుంబం’ అని ప్రతి అంతస్తులో పోస్టర్లు అంటించారు. ఆ కుటుంబంలో ఎవరు ఎవరికి ఏం అంటగడుతున్నారో పోస్టర్లో లేదు. గడువు ఆ రోజే, మంగళవారం సాయంత్రం ఐదింటికి. ఒప్పుకున్నవాళ్లు ఐదు లోపు యాప్‌లోనే రద్దు చేసుకోవచ్చు. ఆ తర్వాత ఏడ్చి మొత్తుకున్నా వెనక్కి రాదు.

తొమ్మిది వందలు సబబైన ధరేనా అని లెక్క కట్టే పని మూడు వారాల కిందట లోహిత్ ఆమెకు అప్పగించాడు. లోహిత్ ఫైనాన్స్ విభాగానికి పెద్ద, ఆమె పైఅధికారి. కదిరి పక్క వేరుశనగ పండించే ఇంట్లో పుట్టిన శిరీషకు, ఒక్క ఏటి వాన చూసి పొలానికి కౌలు కట్టకూడదని ఎవరూ నేర్పనక్కర్లేదు. ఆమె పదేళ్ల లాభాలు బయటికి తీసింది. పదేళ్ల కిందటి రూపాయికీ ఇప్పటి రూపాయికీ పొంతన ఉండదు కాబట్టి, మధ్యలో పెరిగిన ధరలను బట్టి ప్రతి ఏటి లాభాన్నీ ఇవాళ్టి రూపాయల్లోకి మార్చింది. నష్టం వచ్చిన ఏడాదిని కూడా వదల్లేదు. అన్నీ కలిపి పదితో భాగిస్తే షేరుకు ఏడాదికి పద్నాలుగు రూపాయల కంటే కాస్త తక్కువ తేలింది. అంటే తొమ్మిది వందల ధర, కంపెనీ సగటున సంపాదించేదానికి అరవై ఆరు రెట్లు. సగటుకు ఇరవై రెండు రెట్లు, అంటే మూడు వందలు దాటితే కొనకూడదని కింద తన అభిప్రాయం రాసి మరీ పంపింది.

సీట్లో కూర్చుని, షేర్ల గురించి అందరికీ వచ్చిన మెయిల్ తెరిచింది. తను సెలవులో ఉన్న శుక్రవారం నాడు వెళ్లిందది. పట్టికలో రెండే రెండేళ్లున్నాయి. నిరుడు నలభై ఐదు రూపాయలు, అంతకుముందు నలభై. తొమ్మిది వందలను నలభై ఐదుతో భాగించి, ‘ఇరవై రెట్లే, చవక’ అని బాక్సు కట్టి పెట్టారు. ఎనిమిదేళ్లు గల్లంతు. అభిప్రాయం గల్లంతు. అడుగున మాత్రం నిక్షేపంగా ఒక వరుస మిగిలింది. ‘లెక్క కట్టినది: శిరీష, ఫైనాన్స్.’

అరికాలి మంట నెత్తికెక్కింది. ఆరు వందల నలభై మందికి వెళ్లిందా కాగితం.

లోహిత్ గదిలో కాఫీ తాగుతున్నాడు. ఆమె ముఖం చూసి కూడా నిదానంగా కప్పు కింద పెట్టాడు. ఎదుటివాళ్లకు ఒళ్లు మండుతున్నప్పుడు నిమ్మకు నీరెత్తినట్టు కూర్చోవడం కొందరికి వెన్నతో పెట్టిన విద్య.

“నా పట్టికలో ఎనిమిదేళ్లు ఎవరు తీసేశారు లోహిత్?”

“ఓ, అదా. సింప్లిఫై చేశాం శిరీషా. జనానికి అన్ని నంబర్లు ఇస్తే కన్‌ఫ్యూజ్ అవుతారు. అయినా పదేళ్ల కిందటి కంపెనీ వేరు, ఇప్పటి కంపెనీ వేరు. అప్పుడు మనం ఎనభై మంది. పాత లాభాలు ఇప్పుడెందుకు?”

“ఈ రెండేళ్ల లాభం ఎక్కడిది? ఒక్క అమెరికా ఇన్సూరెన్స్ కంపెనీ పాత సాఫ్ట్‌వేర్ మార్చిన కాంట్రాక్టు. మార్చిలో అయిపోతుంది. ఆ కాగితాలు నా దగ్గరే ఉన్నాయి.”

“రెన్యూ అవుతుంది.”

“ఎక్కడ రాసుంది?”

లోహిత్ కప్పు మళ్లీ అందుకున్నాడు. తర్వాత నవ్వాడు. ఆ నవ్వే ఆమెను మరీ రెచ్చగొట్టింది. “మార్కెట్‌లో ఎవరూ పదేళ్ల సగటు చూసి కొనరు. సెంటిమెంట్ చూసి కొంటారు. లిస్ట్ అయ్యాక పద్నాలుగు వందలకు వెళ్తే, అప్పుడు అందరూ నీకే థాంక్స్ చెప్తారు.”

“వెళ్లకపోతే?”

“డోంట్ బీ ఎమోషనల్.”

హైదరాబాదుకు వచ్చిన ఈ పదిహేనేళ్లలో శిరీష తన ఊరి మాటను ఇంట్లోనే ఉంచి ఆఫీసుకు వచ్చేది. ఆ క్షణాన అది తలుపు తోసుకుని వచ్చేసింది.

“ఏందప్పా ఎమోషనల్? నేను కొనద్దని రాసిస్తే కొనమని ఎట్ల మార్చినావు నువ్వు? మార్చుకుంటే మార్చుకో, నీ పేరు పెట్టుకోవాల్సింది. నా పేరు ఎందుకు పెట్టినావు? కింద క్యాబులు చూసే ఆయప్ప నా పేరు చూసి పద్నాలుగు లక్షలు పోసినాడు, తెల్సునా నీకు? డ్రైవర్లు పెట్టినారు. వాళ్ల ఇండ్లల్లో ఎవురికైనా జవాబు నువ్వు చెప్తావా?”

“లో యువర్ వాయిస్ ప్లీజ్. బయట వింటున్నారు.”

“ఇననీ! అందరూ ఇనాలనే చెప్తాండా. నా పేరు తీసేస్తాండానని ఇప్పుడే మెయిల్ పెట్టు.”

“ఇప్పుడు పేరు తీస్తే పానిక్ అవుతుంది. ఐదు దాకా ఓపిక పట్టు. తర్వాత మాట్లాడుకుందాం.”

ఐదు తర్వాత మాట్లాడుకోవడానికి ఏం మిగులుతుందో ఇద్దరికీ తెలుసు. ఆమె తలుపు ధడాలున వేసి వచ్చింది.

మధ్యాహ్నం ఒకటిన్నరకు శిరీష తన పది సంవత్సరాల పట్టికను యథాతథంగా జతచేసి, కంపెనీలో అందరికీ మెయిల్ పెట్టింది. ‘శుక్రవారం వచ్చిన కాగితం మీద నా పేరుంది. ఆ లెక్క నాది కాదు. నా లెక్క ఇది. ఈ ధరకు నేను ఒక్క షేరు కూడా కొనను. అమ్ముతున్నది యజమానులే అన్న సంగతి గుర్తు పెట్టుకోండి. ఐదు లోపు రద్దు చేసుకోవచ్చు.’ అంతే రాసింది.

జనం తేరుకుని తనకు దండం పెడతారని ఆమె అనుకోలేదు గానీ, తన మీదే పడతారని మాత్రం అనుకోలేదు. ఉద్యోగుల వాట్సాప్ గ్రూపు భగ్గుమంది. తెల్లాపూర్‌లో ఫ్లాట్ బుక్ చేసి, ఈ షేర్ల మీద వచ్చే లాభంతో మిగతాది కడదామనుకున్న ఒకాయన, ‘మీకు కొనే స్తోమత లేకపోతే నోరు మూసుకోండి మేడమ్, మా ధర పడగొట్టకండి’ అన్నాడు. ఇంకొకడు తెలివి ఒలకబోశాడు. ‘పదేళ్ల కిందట నా జీతం మూడు లక్షలు. నా జీతానికి కూడా సగటు కట్టి ఇవ్వమంటారా?’ దానికి నూట పన్నెండు మంది నవ్వు బొమ్మలు పెట్టారు. వాళ్లందరి జీతాలు పదేళ్లుగా పైకే పోయాయి. కిందికి రావడమనేది ఒకటుంటుందని వాళ్లకు ఎవరూ చూపించలేదు. ఇన్ని డిగ్రీలు పెట్టుకుని ఇంత గుడ్డితనమేమిటని శిరీష పళ్లు నూరింది.

రెండున్నరకు ఆమె మెయిల్ అందరి ఇన్‌బాక్సుల్లోంచి మాయమైంది. మూడింటికి ఆమె కంప్యూటర్ లాగిన్ ఆగిపోయింది. మూడున్నరకు హెచ్ఆర్ నుంచి జయంతి వచ్చి, ఆమెతో గంటసేపు ఏవేవో కాగితాల మీద సంతకాలు పెట్టించుకుని, లాప్‌టాపు, బ్యాడ్జీ తీసుకుంది. జయంతి ఒక్కసారి కూడా ఆమె కళ్లలోకి చూడలేదు. ఇప్పటికి ఎంతమంది రద్దు చేసుకున్నారని శిరీష అడిగితే, గొంతు తగ్గించి, “పదకొండు మంది,” అంది.

ఆరు వందల నలభై మందిలో పదకొండు. అందులో భీమేశ్వరరావు ఉన్నాడా అని అడిగింది. లేడంది జయంతి.

నాలుగూ నలభైకి శిరీష సెల్లార్‌లోకి దిగింది. మూలనున్న చిన్న గదిలో భీమేశ్వరరావు సాయంత్రం క్యాబుల జాబితా రాసుకుంటున్నాడు. ఆమెను చూసి లేచి నిలబడ్డాడు కానీ, పొద్దుటిలా ముఖం విప్పారలేదు.

“రావు గారూ, ఎందుకు రద్దు చేయలేదు? నా మెయిల్ చూడలేదా?”

“చూశానండి. ఎవరో చదివి చెప్పారు.” ఆయన పెన్ను మూత పెట్టి తీశాడు. “లోహిత్ గారు కూడా ఫోన్ చేశారండి. మీకు ఇంక్రిమెంట్ రాలేదని కోపంతో చేశారన్నారు. నేను నమ్మలేదనుకోండి. కానీ కోపంలో ఉన్నారు కదండీ మీరు.”

“ఉన్నాను. కోపమొస్తే లెక్క తప్పుతుందా?” అని, ఆమె కుర్చీ లాక్కుని కూర్చుంది. “మొన్న పెద్ద వాన కురిసిన రోజు ఇక్కణ్ణుంచి లింగంపల్లికి బయటి క్యాబులు ఎంత గుంజాయి?”

“ఏడొందలండి. మామూలు రోజైతే రెండొందల యాభై.”

“ఆ క్యాబతను వచ్చి, ట్రిప్పుకు ఏడొందలు సంపాదిస్తాను, ఆ లెక్కన నా కారు కొనుక్కోమంటే కొంటారా?”

“ఎవడు కొంటాడండి? కొన్నేళ్ల పుస్తకాలు చూడాలి. బండి రిపేరుకొచ్చి మూలపడ్డ నెలలు చూడాలి. పాత కిరాయిలను ఇప్పటి డీజిల్ రేటుకి మార్చి చూడాలి.”

“నేను చేసింది అదేనండీ. వాళ్లు మీకు వాన కురిసిన రోజొక్కటే చూపించారు.”

భీమేశ్వరరావు తల ఊపాడు. అర్థమైనట్టే ఉంది. అయినా చెయ్యి ఫోను వైపు కదల్లేదు.

“తప్పుగా అనుకోకండి,” అన్నాడు చివరికి. “శుక్రవారం నాడు మీ పేరు కంపెనీతో కలిసుందండి. ఇవాళ మీరొక్కరే అంటున్నారు. అంతమంది చదువుకున్నవాళ్లు ఉంచుకుంటున్నారు. రేపు అందరికీ లాభమొచ్చి మా డ్రైవర్లకి రాకపోతే, వాళ్ల మొహం ఎలా చూడనండి?”

ఆ మాటకు శిరీషకు చెంపదెబ్బ తగిలినట్టయింది. పొద్దుటి నుంచి ఆమె ఎవరి కోసం పోట్లాడిందో, ఏ పేరు కోసం ఉద్యోగం పోగొట్టుకుందో, ఆ పేరుకు కంపెనీ ముద్ర లేకపోతే ఇంతే విలువా? ఆమె బల్ల మీద గట్టిగా చరిచింది. టీ కప్పు ఎగిరిపడింది.

“పదేళ్లుగా నా క్యాబ్ చీటీలన్నీ మీ చేతిలో ఉన్నాయి! ఎక్కిన టైమూ, దిగిన చోటూ అన్నీ మీకు తెలుసు. శుక్రవారం ఒకటీ, ఇవాళ ఒకటీ చూసి నన్ను కొలుస్తారేమండీ? పదేళ్లు చూడండి. నేను మీకు ఎన్నిసార్లు అబద్ధం రాసిచ్చానో చెప్పండి!”

గుమ్మం దగ్గర డ్రైవర్లు గుమిగూడారు. భీమేశ్వరరావు తల వంచుకున్నాడు. ఆయన మొహమాటస్తుడే గానీ, అడిగితే అబద్ధం చెప్పే మనిషి కాదు.

“ఒక్కసారి రాశారండి,” అన్నాడు నెమ్మదిగా. “రెండు వేల పంతొమ్మిదిలో. మీవారు బండి మీంచి పడ్డప్పుడు మూడు రోజులు ఆసుపత్రికి తిరిగి, క్లయింట్ ఆఫీసుకని రాశారు. డ్రైవరు నాకు చెప్పాడు. ఆ మాట నేను పైకి చెప్పలేదు.”

నిజమే. ఎవరికీ తెలియదనుకుంది శిరీష. ఇన్నేళ్లూ తెలిసి కూడా ఈ మనిషి రోజూ నమస్కారం పెడుతూనే ఉన్నాడు. గుమ్మంలో ఆరుగురూ వింటున్నారు. లేచి వెళ్లిపోవాలనిపించేంత సిగ్గేసింది. వెళ్లలేదు.

“అదీ కలపండి,” అంది. “తీసేయొద్దు. అది కూడా కలిపి చూసి చెప్పండి.”

భీమేశ్వరరావు తలెత్తి ఆమెను చూశాడు. తర్వాత జేబులోంచి ఫోను తీశాడు. కళ్లజోడు పెట్టుకున్నాడు. రద్దు చేస్తారా అని యాప్ ఒకసారి అడిగింది, నిజంగానే చేస్తారా అని మరోసారి అడిగింది. రెండుసార్లూ బొటనవేలితో గట్టిగా నొక్కాడు.

గోడ గడియారంలో నాలుగూ యాభై మూడు.

“ఏంది సార్, ఏమైంది?” అన్నాడు గుమ్మంలోంచి ఒక డ్రైవరు. “మస్తు లాభమొస్తదని మీరే చెప్తిరి గదా. గిప్పుడు గిట్ల చేస్తిరేంది?”

“నేనే చెప్పాను! నాదే తప్పు!” భీమేశ్వరరావు కుర్చీ వెనక్కి పడిపోయేలా లేచాడు. పద్నాలుగేళ్లలో ఆ సెల్లార్ ఎన్నడూ వినని గొంతు అది. “అవన్నీ తర్వాత చెప్తాను. ఫోన్లు తీయండిరా ముందు! ఏడు నిమిషాలుంది. తీయండిరా!”