వంటసోడాతో తోమిన త్రోయాక్

తోరున్ పట్టణంలో నాణేల క్లబ్బు ఆదివారాలు కూడేది. భూతద్దాలు, చల్లారిన టీలు, ఒకరి సొత్తు మీద ఇంకొకరి ఏడుపు. అక్కడ బోగుమిల్ మాటకు తిరుగు లేదు. వెండి నాణేన్ని వేళ్ళ మధ్య ఒకసారి తిప్పి “నకిలీది” అన్నాడంటే, తెచ్చినవాడు మళ్ళీ నోరెత్తేవాడు కాదు.

పదకొండేళ్ళ కిందట ఆ మాట తనకున్న ఒకే ఒక్క స్నేహితుడు సెవెరిన్‌తోనూ అన్నాడు. సెవెరిన్ తెచ్చింది త్రోయాక్. బొటనవేలి గోరంత వెండి బిళ్ళ, నాలుగువందల ఏళ్ళనాటిది, వొబ్జెనీత్స ఊరి టంకసాలలో కొట్టింది, ఎక్కడా దొరకనిది. నలుపు పట్టి అక్షరాలు మొద్దుబారినట్టు కనిపించాయి. “అచ్చుతో కొట్టింది కాదు, మూసలో పోసిన నకిలీ” అన్నాడు బోగుమిల్, అందరి ముందూ. సెవెరిన్ దాన్ని జేబులో వేసుకుని వెళ్ళిపోయాడు, మళ్ళీ రాలేదు. ఇద్దరి ఇళ్ళకూ మధ్య నాలుగు వీధులు. పంతం కొద్దీ ఇద్దరిలో ఎవరూ దాటలేదు.

ఆ తర్వాత ఎంత మంచి నాణెం దొరికినా బోగుమిల్‌కి చూపించుకునే మనిషి లేడు. బల్ల మీద పెట్టుకుని “చూశావా” అని పైకే అనేవాడు. ఆ గదిలో తన గొంతు తనకే అసహ్యంగా వినిపించేది.

ఫిబ్రవరిలో సెవెరిన్ పోయాడు. ఈస్టర్ ముందు వారం అతని భార్య రెగీనా ఫోన్ చేసి రమ్మంది.

“బూట్లు అక్కడే విప్పండి, బోగుమిల్ గారూ. నేల ఇప్పుడే తుడిచాను.” టీ గ్లాసు, గసగసాల కేకు ముందుపెట్టి సెవెరిన్ నాణేల పెట్టె తెరిచింది. “పండగని ఇల్లంతా కడుగుతూ వీటినీ కడిగాను. మసిబొగ్గుల్లా ఉంటే మీకెలా చూపిస్తాను? వంటసోడా వేసి తోమాను.”

బోగుమిల్ పెట్టెలోకి వంగి చూశాడు. ఆ నలుపును నాణేలవాళ్ళు కంటికి రెప్పలా కాపాడుకుంటారు. అది పోతే నాణేనికి విలువ పోయినట్టే. నూటముప్ఫై నాణేలూ కొత్త చెంచాల్లా మెరుస్తున్నాయి. ఆమె ముఖం చూసి కేకు ముక్క నోట్లో వేసుకున్నాడు.

త్రోయాక్ తీసి భూతద్దం పెట్టాడు. రాజు కిరీటం పక్కన, ఇన్నాళ్ళూ నలుపు కింద దాగిన గీత కనిపించింది, టంకసాల అచ్చు పగిలినచోట పడిన గీత. వెంట్రుకంత సన్నం, కత్తి అంచంత పదును. మూసలో పోస్తే ఆ పదును రాదు.

“ఆయన దీన్ని మీకే చూపించమన్నారు. ఇంకెవరి మాటా నమ్మనన్నారు. మంచిదేనా?”

“మంచిదే.”

“మరి అప్పుడు అలా ఎందుకన్నారు?”

“పొరబడ్డాను, రెగీనా గారూ.”

“ఈ ముక్క చెప్పడానికి ఇప్పుడు తీరికైందా మీకు? ఆదివారం వస్తే ఆయన రెండు గ్లాసులు దించి పెట్టేవారు. నేను టీ తాగనని తెలిసీ.” కళ్ళొత్తుకుని నాణేన్ని అతని వైపు జరిపింది. “క్లబ్బులో చెప్పండి. అన్నది అక్కడే కదా.”

పండగ తర్వాతి ఆదివారం బోగుమిల్ క్లబ్బులో లేచి నిలబడ్డాడు. “ఇది నిజమైనదే. పదకొండేళ్ళ కిందట నేను తప్పు చెప్పాను. సెవెరిన్ చెప్పిందే ఒప్పు.”

నాటివాళ్ళలో మిగిలింది ఇద్దరు, అందులో ఒకరికి చెవుడు. సెవెరిన్ ఎవరని మిగతావాళ్ళు మొహమొహాలు చూసుకున్నారు. నాణెం చేతులు మారింది. పొడుగు జుట్టు వెనక్కి కట్టుకున్న ఒకాయన దాన్ని వెలుతురుకి పట్టి నవ్వాడు.

“నిజమైనదే, కానీ నాశనం చేశారు. ఏ బుర్రలేనివాడు తోమాడండీ దీన్ని?”

బోగుమిల్ చెయ్యి చాచి నాణెం వెనక్కి తీసుకున్నాడు.

“నేనే,” అన్నాడు.