వంపు అవతలి గొంతు

నాలుగో వలయం గీయడానికి కంపాసు ముల్లు పటంలోని కొండ మీద ఆనించిందో లేదో, అధికారి తలుపు తోసుకుని వచ్చాడు. ఆవిడ తలెత్తలేదు. చెయ్యి మధ్యలో ఆగితే గీత వంకరపోతుంది. గుండ్రంగా తిప్పి, మొదలుపెట్టిన చోటే కలిపి, అప్పుడు చూసింది.

విమానాశ్రయంలో అందరూ ఆవిడను వర్గమూలం అక్కయ్య అంటారు. ఒడ్డున కొండమీది స్తంభం నుంచి వచ్చే రేడియో సంకేతం విమానాలకు దారి చూపిస్తుంది. అది చూపులాగే తిన్నగా పోతుంది. భూమి గుండ్రం కనుక కొంత దూరానికి సముద్రం వంపు అడ్డొస్తుంది. ఎంత ఎత్తున ఎగిరితే ఎంత దూరం దాకా సంకేతం అందుతుందో లెక్కకట్టి, పటం మీద వలయాలుగా గీయడం ఆవిడ పని. స్తంభం ఎత్తుకో వర్గమూలం, విమానం ఎత్తుకో వర్గమూలం, రెండూ కలిపి ఒకటింబావుకు పిసరు తక్కువతో హెచ్చవేస్తే సముద్రపు మైళ్లు వస్తాయి. కూరగాయల దగ్గర లెక్క తప్పుతుందేమో గానీ ఇందులో తప్పేది కాదు. భర్త చనిపోయిన నెలలోనూ వచ్చి ఈ వలయాలు గీసింది. ఇంతా చేసి ఒక్కసారీ విమానం ఎక్కలేదు. స్టూలెక్కితేనే కళ్లు తిరుగుతాయి.

ఉద్యోగంలో ఆవిడకు అదే ఆఖరి రోజు. అధికారి మాత్రం వీడ్కోలు చెప్పడానికి రాలేదు. దీవిలో ఒక పడవవాడికి పక్కటెముక విరిగి ఊపిరితిత్తికి గుచ్చుకుందట. చిన్న విమానంలో తీసుకొస్తున్నారు. పైకి పోతే రోగి ఛాతీలో గాలి ఉబ్బుతుందని, పదహారు వందల అడుగులు దాటొద్దని డాక్టరు గట్టిగా చెప్పాడట. అంత కింద సంకేతం అందుతుందా అని అధికారి అడిగాడు.

విమానానికి నలభై, కొండతో కలిపి నాలుగు వందల అడుగుల ఎత్తున్న స్తంభానికి ఇరవై. డెబ్బై నాలుగు మైళ్లు. కంప్యూటరూ అదే చెప్పింది. దీవి తొంభై మైళ్ల అవతల. అంటే మొదటి పదహారు మైళ్లు చుట్టూ నీళ్లే తప్ప దారి చూపేది ఏదీ ఉండదు. పైలట్ కొత్తవాడు. దీవిలో ఉన్న అతనితో మాట్లాడటానికి ఆవిడే ఫోనందుకుంది.

"బాబూ, బయల్దేరాక కొంతసేపు నీ ముందున్న దారి చూపే ముల్లు కదలదు. పాడైందనుకోకు. నా గొంతు కూడా వినబడదు. నేను చెప్పిన దిక్కు తప్పకుండా రా."

"అప్పటికీ కదలకపోతే?"

"కదులుతుంది నాయనా. కొండ ఎక్కడికీ పోలేదుగా."

అవతల చిన్న నవ్వు వినిపించింది.

విమానం లేచిందని దీవి నుంచి కబురొచ్చింది. తర్వాత అంతా నిశ్శబ్దం. మాటా సంకేతమూ ఒకే దారిన వస్తాయి కాబట్టి, పైలట్ గొంతు వినబడితే ముల్లూ లేచినట్టే. అది వినబడవలసిన వేళ దాటింది. ఎదురుగాలి ఉందని అందరికీ తెలుసు. కొండ ఎత్తు సముద్రమట్టం నుంచే తీసుకున్నానా? ఆవిడ వేలితో అరచేతిలో లెక్క మళ్లీ వేసింది. అదే వచ్చింది. ఇంకోసారి వేయబోతుంటే స్పీకరు గరగరమంది.

"ముల్లు లేచిందమ్మా. వినబడుతోందా?"

అధికారి మైకు ఆవిడ చేతికిచ్చాడు.

"వినబడుతోంది. అలాగే వచ్చేయ్."

విమానం దిగేసరికి అందరూ రన్‌వే వైపు పరుగెత్తారు. పడవవాడు ఊపిరి బాగానే తీస్తున్నాడని ఎవరో కేకేసి చెప్పారు. ఆ సందడిలో ఆవిడ ముఖం కడుక్కుని, చేతిసంచి భుజాన వేసుకుని మెట్లు దిగింది. వీడ్కోలు మాటలకు ముఖం ఎక్కడ పెట్టుకోవాలా అని వారం నుంచి బెంగ. ఆ బాధ తప్పింది.

గేటు దగ్గర చెల్లెలు పాత కారులో మొక్కల కుండీలన్నీ ఒక పక్కకు జరిపి చోటు చేసింది. ఊరి బయట నర్సరీ పెట్టింది, ఇక ఇద్దరూ కలిసి చూసుకోవాలని ఎప్పుడో అనుకున్నారు.

"అక్కా, ఏడ్చావా?"

"కొంచెం. పద, పొద్దు ఉండగానే మొక్కలకు నీళ్లు పోద్దాం."

పైన గదిలో దీపం ఇంకా వెలుగుతోంది. కుర్చీలో, ఆవిడ పాత చీర ముక్కలతో కుట్టుకున్న మెత్త, నడుమ గుంటపడి, ఇంకా వెచ్చగా ఉంది.