క్రియ రాకముందే ఊఁ

మన భాష నేర్చుకునే బయటివాళ్ళ కోసం సంభాషణ పాఠాలు తయారుచేసే ఆఫీసులో నా ఉద్యోగం. జనం మాట్లాడుకున్నది రికార్డు చేసి, దగ్గులూ నసుగుళ్ళతో సహా ఉన్నదున్నట్టు రాయాలి. ఇంత చదువూ ఇందుకేనా అని మా పిన్ని చాలాసార్లు దెప్పింది.

కిందటేడు నాకు ఊఁ కొట్టడం గురించి పాఠం అప్పగించారు. వ్యాకరణమంతా వచ్చిన విద్యార్థులు కూడా, ఎదుటివాళ్ళు మాట్లాడుతుంటే బెల్లం కొట్టిన రాయిలా కూర్చుంటారు. మనవాళ్ళకి ఒళ్ళు మండుతుంది. ఊఁ కొట్టడంలో మా నాన్నని మించినవాడు లేడు కదా అని, అమ్మకీ నాన్నకీ ముందే చెప్పి ఇంట్లో రికార్డర్ పెట్టాను. అమ్మ కుట్టుమిషన్ ముందు కూర్చుని గంటలకొద్దీ మాట్లాడుతుంది. ముప్పై ఏళ్ళు అచ్చు యంత్రాల మధ్య పనిచేసి రిటైరైన నాన్న పక్కన కూర్చుని ఊఁ కొడతాడు. ఈలోగా పరీక్షల పని నెత్తిన పడింది. ఆ రికార్డింగు పది నెలలు నా బీరువాలోనే ఉండిపోయింది.

ఆ పది నెలల్లో అమ్మ రొమ్ములో గడ్డ ముదిరింది. ఆస్పత్రిలో చేర్చేసరికి ఇక చెయ్యగలిగిందేమీ లేదన్నారు. అమ్మ నాతో మాట్లాడేది, నర్సులతో జోకులేసేది. నాన్న వస్తే మాత్రం గోడవైపు తిరిగిపోయేది. ఎందుకని అడిగితే చెప్పేది కాదు. నాన్న రోజూ అదే కుర్చీలో కూర్చుని ఆమె వీపు చూస్తుండేవాడు. నాకు చూళ్ళేక, వాళ్ళిద్దరూ మాట్లాడుకున్న మాటలు ఒక్కసారి వినాలనిపించి రికార్డింగు బయటికి తీశాను.

మన వాక్యంలో క్రియ చివర వస్తుంది. వచ్చాడో రాలేదో అప్పటిదాకా తేలదు. అందుకే మాట వింటున్నవాడి ఊఁ మామూలుగా క్రియ తర్వాతే పడుతుంది. నాన్న ఊఁలు అలా లేవు. అమ్మ ఊపిరి పీల్చుకున్నప్పుడల్లా, మాట సగంలో ఉన్నా పడుతున్నాయి. తలుపు వేశారా, వెయ్యలేదా అంటే ఊఁ. నలభై ఊఁలు రాశాక నాకు అర్థమైంది, ఆయనకి ఆమె మాట వినబడ్డం లేదు. ఊపిరికి లేచే ఆమె భుజాలు చూసి ఊఁ కొడుతున్నాడు. నాది పుట్టుకతోనే పెద్ద గొంతు, కాబట్టి నాకెన్నడూ అనుమానం రాలేదు.

ఆ తర్వాత మిషన్ ఆగింది.

“ఏమండీ, రొమ్ములో గడ్డలా తగులుతోంది. డాక్టరుకి చూపిద్దామా?”

“ఊఁ.”

“ఎప్పుడు వెళ్దాం?”

“ఊఁ.”

నాలుగు సెకన్లు ఏ చప్పుడూ లేదు. “పోన్లెండి,” అంది అమ్మ. మళ్ళీ మిషన్ మొదలైంది.

మర్నాడు ఆస్పత్రి వరండాలో నాన్నకి హెడ్‌ఫోన్లు తగిలించి, సౌండు పూర్తిగా పెంచాను. రెండుసార్లు విన్నాడు. దీన్ని నేనప్పుడే విని ఉంటే అమ్మ మనకి దక్కేదేమో అని ఏడ్చాను. కళ్ళు తుడుచుకుని, పద, అమ్మకి చెప్పేద్దాం, కోపం పోతుంది అన్నాను.

“చెప్పకు,” అన్నాడు. “ఏడెనిమిదేళ్ళ నుంచి దాని గొంతు నాకు అందట్లేదు. తెలిస్తే మాట్లాడ్డం మానేస్తుందని భయపడి ఊరుకున్నాను. ఇప్పుడు చెప్తే, ఇన్నేళ్ళూ అది ఎవరితో మాట్లాడినట్టు? కోపంగా ఉంటే ఉండనీ. విన్నాననే అనుకోనీ.”

అది ప్రేమో పిరికితనమో నాకు తేలలేదు. మాటైతే ఇచ్చాను.

రెండు రోజుల తర్వాత, తల దువ్వుతుంటే అమ్మ తనంతట తనే అంది. “నా ప్రతి మాటా విన్న మనిషే. ఆ ఒక్కటీ విని ఎలా ఊరుకున్నాడో. పట్టించుకోలేదంటే పెద్ద జబ్బేం కాదులే అనుకున్నాను.”

ఆయన వినలేదమ్మా అన్న మాట నాలిక చివరిదాకా వచ్చింది. మింగేశాను. శుక్రవారం పొద్దున అమ్మ పోయింది, నాన్న మీద కోపంతోనే.