సున్నం కలిపిన గుండిగ

శాంటియాగో నగరం చివరున్న ఆ రేకుల పేటలో మగవాళ్ళకు పనుల్లేవు. పేటంతటికీ చర్చి పెరట్లో ఒకే పొయ్యి, ఒకే గుండిగ. ఎవరింట్లో ఏముంటే అది, ఓ ఉల్లిపాయో గుమ్మడి ముక్కో, తెచ్చి అందులో వెయ్యాలి. ఏమీ తేనివాళ్ళను ఎందుకు తేలేదని అడగకూడదు, అది అక్కడి మర్యాద. వంట ఓర్ఫెలీనాది. ఆ చిక్కుడుగింజల పులుసు తప్ప పిల్లల కడుపులో ఇంకేమీ పడదు.

మంత్రిగారొచ్చి పేట అభివృద్ధిని చూస్తారట. "ఒక్క గంటలో తెచ్చిస్తాం అక్కా" అని నిన్న మునిసిపాలిటీ వాళ్ళు ఆ గుండిగ పట్టుకుపోయారు. పొద్దుగూకినా తేలేదు. పిల్లలు నీళ్ళు తాగి పడుకున్నారు.

పొద్దున్నే ఓర్ఫెలీనా, పక్కింటి జుడిత్ వెతుక్కుంటూ వెళితే గుండిగ రోడ్డు పక్కన దొరికింది, అడుగున చిక్కటి సున్నంతో. ఇళ్ళు కనబడకుండా కట్టిన కొత్త గోడ దారి పొడుగునా తెల్లగా మెరుస్తోంది.

"కడిగితే పోతుంది కదమ్మా," అన్నాడు గోడ దగ్గరున్న మేస్త్రీ. "అంతా మీ పేట బాగు కోసమేగా."

"మా బాగంతా గోడకే పూశారా సారూ? పిల్లలకేమన్నా మిగిల్చారా?" అంది జుడిత్.

"కొత్తది కావాలంటే అర్జీ పెట్టుకో."

వాడితో మాట్లాడితే తన నోరే పాడవుతుందనిపించింది ఓర్ఫెలీనాకు. ఇద్దరూ చెరో చెవి పట్టుకుని గుండిగను చర్చి పెరట్లోకి మోసుకొచ్చి పొయ్యి మీద పెట్టి మూతేశారు.

పిల్లలతో కలిసి నాలుగు చెంచాలు తిని ఫోటో దిగడం మంత్రిగారి కార్యక్రమం. అధికారులు పిల్లలకు గిన్నెలిచ్చి వరసగా కూర్చోబెట్టారు. మంత్రిగారు మధ్యలో కూర్చుని ఆకలి లేని దేశం గురించి చెప్పారు. ఓర్ఫెలీనా మూత తీసి, గరిటెతో తోడి, మొదటి గిన్నె ఆయన ముందే పెట్టింది.

ఆయన గిన్నె వంక చూడలేదు. కెమెరా వంక చూస్తూ, నవ్వుతూ చెంచా నోటిదాకా తెచ్చారు. ఓర్ఫెలీనా చప్పున ఆయన మణికట్టు పట్టుకుంది. ఆ చెయ్యి మెత్తదనానికి కూడా ఆమెకు రోత పుట్టింది.

"తినకండి సార్, సున్నం. నోరు కాలిపోతుంది. కడిగి మా పిల్లలకు వండి పెట్టమన్నారు మీవాళ్ళు."

మంత్రిగారు చెంచా వదిలేసి గబుక్కున లేచారు. కోటు మీద ఎక్కడన్నా మరక పడిందేమోనని ముందు అదే వెతుక్కున్నారు. పిల్లలు మాత్రం గిన్నెలు పట్టుకుని తమ వంతు కోసం చూస్తున్నారు.